ఒక దిద్దుబాటు పద్దు

మన సంఘం ఉగాది కార్యక్రమంలో 2018లో నేనొక ఉపన్యాసం ఇచ్చాను. "ధ్యానం - సర్వరోగ నివారిణి" అని దానికి పేరు పెట్టింది కూడా నేనే. ఆ రోజు హోసూరు వచ్చినవాళ్ళలో కొందరికి అది ఇంకా గుర్తుంది. అంత గుర్తుండడమే ఇప్పుడు నాకు చిక్కు తెచ్చిపెట్టింది.

నిరుడు కృష్ణగిరిలో ఒక పెళ్ళి. భోజనాల దగ్గర ఒక పెద్దాయన నా పక్క ఆకు ముందు కూర్చున్నాడు. "మీ మాట విని మా కోడలికి రోజూ ధ్యానం చేయిస్తుండాము సార్. డాక్టరు దగ్గరికి పిలుచుకుపోదామని అనుకున్నాము. మీరు ఆ పొద్దు చెప్పింది గుర్తుకొచ్చి మానుకున్నాము" అన్నాడు, ఎంతో సంతోషంగా. కోడలికి ఏమైందని అడిగాను. కాన్పయి మూడు నెలలైందట. నిద్ర లేదు, తిండి లేదు, బిడ్డను ఎత్తుకోదు, గోడ వైపు తిరిగి కూర్చుంటుందట. ఆ పూట పాయసం ఎలా ఉందో నాకు తెలియదు. చేయి కడుక్కున్న వెంటనే ఆయనను పక్కకు తీసుకుపోయి, "అయ్యా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. రేపు పొద్దున్నే డాక్టరుకు చూపించండి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. మైకు పట్టుకుని అంత గట్టిగా చెప్పిన మనిషి, చేయి తుడుచుకుంటూ ఇంత మెల్లగా కాదంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. అయినా మాట విన్నాడు, మరునాడే తీసుకుపోయాడు. ఆ అమ్మాయి ఇప్పుడు బాగుంది.

బ్యాంకులో తప్పు పద్దు పడితే దాన్ని చెరిపేయకూడదు. తప్పును తప్పుగానే ఉంచి, దానికి ఎదురు పద్దు వేసి, కింద సంతకం పెట్టాలి. ఈ వ్యాసం ఆ ఎదురు పద్దు.

ముందు జమ వైపు చెబుతాను. ధ్యానం నాకు మేలు చేసిన మాట నిజం, దాన్ని నేను కొట్టివేయడం లేదు.

2016లో నేను కృష్ణగిరి జిల్లాలో ఒక శాఖలో ఉన్నాను. నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించారు. దేశంలో చలామణిలో ఉన్న డబ్బులో, విలువ లెక్కన, దాదాపు 86 శాతం ఆ నోట్లే. 10వ తేదీ తలుపులు తెరిచేసరికి వరుస వీధి మలుపు దాటి పోయింది. మామిడి మండీ వాళ్ళు, గ్రానైటు క్వారీ కూలీలు, పాల డబ్బుల కోసం వచ్చినవాళ్ళు. పసుపు గుడ్డలో కట్టిన నోట్లు కౌంటరు మీద పెట్టి, "నా కొడుక్కి చెప్పొద్దు నాయనా" అని చెవిలో చెప్పిన ముసలమ్మలు ఎంతమందో! ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఇరవై ఏళ్ళు దాచుకున్న డబ్బు అది. ఇచ్చేందుకు మా దగ్గర కొత్త నోట్లు లేవు. తిట్లు మాత్రం మాకే. డిసెంబరు 30 వరకు అలాగే నడిచింది. రోజూ రాత్రి పదీ పదకొండింటికి క్యాష్ టాలీ అయ్యేది.

గడువు అయితే ముగిసింది, నా లోపలి లెక్క ముగియలేదు. రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చేది. దుప్పటి కింద నా చేతి వేళ్ళు నోట్లు లెక్కపెడుతున్నట్లు కదులుతున్నాయని మా ఆవిడ చెప్పేదాకా నాకు తెలియలేదు. రక్తపోటు పెరిగింది. శాఖలో కుర్రవాళ్ళ మీద అరిచేవాణ్ణి, ఇంటికి వచ్చి అన్నం మీద అరిచేవాణ్ణి. డాక్టరు బి.పి. మాత్ర రాసి, "కొంచెం టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. ఎలా తగ్గించుకోవాలో రాసివ్వలేదు.

ఆ రోజుల్లో కర్నూలు వైపు నుంచి బదిలీ అయి వచ్చిన సహోద్యోగి ఒకాయన నాకు ధ్యానం నేర్పాడు. సుభాష్ పత్రీజీ 1990లో కర్నూలులో మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమం సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. వాళ్ళ పద్ధతి సులభం. చేతులు కలుపుకుని, కళ్ళు మూసుకుని, శ్వాసను గమనించడమే. ఎవరి వయసు ఎంతో అన్ని నిమిషాలు కూర్చోవాలంటారు. ఆ లెక్కన నేను 47 నిమిషాలు కూర్చోవాలి. మొదటి రోజు నాలుగు నిమిషాలు కూర్చున్నాను. అందులో రెండు నిమిషాలు గడియారం చూశాను.

రెండు నెలలకు అరగంట దాకా వచ్చింది. జరిగిందేమిటంటే, శ్వాస మీద దృష్టి పెడతాం, మనసు ఎక్కడికో పోతుంది, పోయిందని తెలుసుకుని తిరిగి తెస్తాం. మళ్ళీ పోతుంది, మళ్ళీ తెస్తాం. ఇందులో మర్మమేమీ లేదు. ఆ తిరిగి తేవడమే కసరత్తు. హెర్బర్ట్ బెన్సన్ అనే అమెరికా గుండె వైద్యుడు ఇలా కూర్చున్నవాళ్ళ శరీరాన్ని కొలిచి చూశాడు. గుండె వేగం నెమ్మదిస్తుంది, శరీరం వాడుకునే ప్రాణవాయువు తగ్గుతుంది. కోపంలో, భయంలో జరిగేదానికి ఇది తలకిందులు. 1975లో ఆయన దీనిమీద రాసిన పుస్తకం లక్షల మంది చదివారు. నా మట్టుకు నాకు తెలిసిన ఫలితం రెండే. నాలుగున్నర దాకా నిద్ర పట్టసాగింది. కోపం రావడానికీ నోరు తెరవడానికీ మధ్య సన్నటి సందు ఒకటి దొరికింది. ఆ సందులో మా ఆవిడ చాలా మేలు పొందింది.

ఇంకొక మాట. నా నిద్ర పోవడానికి కారణం నా మనసు ఒక్కటే కాదు, ముగ్గురు చేయవలసిన పని ఒకరు చేయడం కూడా. 2015 నుంచి జూన్ 21న అంతర్జాతీయ యోగా దినం జరుపుతున్నారు కదా, ఆ రోజు శాఖకు చాపలు వచ్చాయి. క్లర్కులు రాలేదు. ధ్యానం పనిభారాన్ని ఓర్చుకోవడం నేర్పుతుంది, భారాన్ని తగ్గించదు. ఇది నాకు అప్పుడే తోచి ఉండవలసింది. తోచలేదు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా ఉన్నాను.

అలాంటి ఊపులోనే ఆ ఉపన్యాసం. అందులో నేను అందరికన్నా ఎక్కువ చప్పట్లు సంపాదించింది సయాజీ ఊ బా ఖిన్ కథ చెప్పినప్పుడు. ఆయన మన వృత్తివాడు, లెక్కల మనిషి. 1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ దేశానికి మొదటి అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. ఉద్యోగం చేస్తూనే విపశ్యన ధ్యానం నేర్పాడు. రంగూన్‌లో వ్యాపారం చేసుకునే సత్యనారాయణ గోయెంకాకు తీవ్రమైన పార్శ్వపు తలనొప్పి. ఎన్ని దేశాలు తిరిగినా ఏ వైద్యుడూ నయం చేయలేకపోయాడు. 1955లో ఆయన ఊ బా ఖిన్ దగ్గర ధ్యానం నేర్చుకుని బాగుపడ్డాడు, 1969లో భారతదేశానికి వచ్చి లక్షల మందికి నేర్పించాడు. ఇంతవరకే చెప్పాను, చప్పట్లు మోగాయి.

ఈ కథలో నేను చెప్పకుండా మింగిన ముక్క ఒకటుంది. గోయెంకా మొదటిసారి పోయి తలనొప్పి తగ్గించుకోవడానికి వచ్చానంటే ఊ బా ఖిన్ చేర్చుకోలేదు. శరీర వ్యాధి నయం చేసుకోవడానికైతే ఇక్కడికి రావద్దు, అది ధర్మం విలువ తగ్గించడమవుతుందని పంపేశాడు. ఈ సంగతి గోయెంకా తానే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. గురువే ఇది వైద్యం కాదంటే, బి.కాం. చదివిన నేను సర్వరోగ నివారిణి అని బోర్డు కట్టాను.

ఇక ఖర్చు వైపు.

మా బావమరిది నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. హోసూరులో సిప్కాట్ దగ్గర చిన్న షెడ్డులో రెండు లేతు మిషన్లు పెట్టుకుని, పెద్ద కంపెనీలకు సామాను చేసిపెట్టే వాళ్ళకు జాబ్ వర్కు చేసేవాడు. 2019లో దేశమంతా బండ్ల అమ్మకాలు పడిపోయాయి. పెద్ద ఫ్యాక్టరీలే పని లేని రోజులు ప్రకటించినప్పుడు చిన్న షెడ్డు గతి ఏముంటుంది? కొత్త మిషను మీద తీసుకున్న అప్పు కంతు మాత్రం నెలనెలా వచ్చేది. అప్పు మా బ్యాంకుది కాదు, అయినా వాడి ముఖం చూస్తే కంతు తేదీ చెప్పగలిగేవాణ్ణి.

అక్టోబరు నాటికి ఆర్డర్లు కొంచెం కొంచెం రాసాగాయి. వాడు మాత్రం తేరుకోలేదు. అప్పటి నుంచే నాకు అర్థమై ఉండాలి. కష్టం తగ్గినా మనిషి కుంగడం ఆగలేదంటే అది ఒట్టి కష్టం కాదు. ఇంటికి వస్తే టీ గ్లాసు చేతిలో పట్టుకుని చల్లారేదాకా కూర్చునేవాడు. రాత్రి రెండు గంటలు కూడా నిద్ర లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. బిడ్డల స్కూలు ఫీజు కట్టడానికి చేతిలో డబ్బుండి కూడా, కట్టాలా వద్దా తేల్చుకోలేక వారం రోజులు తిరిగాడు.

నేను మందు రాసిచ్చాను. ధ్యానం. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. నా ఎదురుగానే కూర్చోబెట్టుకున్నాను. మూడో రోజో నాలుగో రోజో వాడు కళ్ళు తెరిచి, "బావా, కండ్లు మూసుకుంటే ఇంగా గట్టిగా వినిపిస్తాది" అన్నాడు.

"ఏమి వినిపిస్తాది?"

"నా గొంతే. నీ చేత ఏమీ కాదు, నీ చేత ఏమీ కాదు అని."

"మొదట్లో అందరికీ అంతేరా. దాన్ని ఊరికే చూడు, పోతాది" అన్నాను. పుస్తకంలో ఉన్న మాటే చెప్పాను. నాకు అలాగే పోయింది కాబట్టి వాడికీ పోతుందనుకున్నాను. నాకు వినిపించింది నోట్ల లెక్క. వాడికి వినిపించింది వేరు. ఈ తేడా ఆ రోజు నా చెవికి ఎక్కలేదు.

మా ఆవిడ ఒకటికి రెండుసార్లు డాక్టరు మాట ఎత్తింది. "మానసిక వైద్యుడి దగ్గరికి పోయినాడని తెలిస్తే రేపు వాడి కూతురికి సంబంధం ఎవరిస్తారు?" అన్నాను. చదువుకున్నవాణ్ణి, పదిమందికి చెప్పేవాణ్ణి, నా నోటి నుంచి వచ్చిన మాట అది. మా ఊళ్ళలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే నిమ్హాన్స్‌కి పంపాలని నవ్వుతాం. ఆ నవ్వే ఇంట్లోకి వచ్చేసరికి భయమైంది.

తర్వాత నేను చేసినదాన్ని రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఏడు రోజుల మౌన ధ్యాన శిబిరం ఒకటి ఉందని తెలిసి వాడి పేరు ఇచ్చాను. శిబిరం పేరు ఇక్కడ అనవసరం, తప్పు వాళ్ళది కాదు. దరఖాస్తులో వాళ్ళు స్పష్టంగా అడిగారు, మానసిక సమస్యలు ఏమైనా ఉన్నాయా, నిద్ర సక్రమంగా ఉందా అని. ఆ గడులు నేనే నింపాను. మొదటిదానికి "లేదు", రెండోదానికి "ఉంది". కింద వాడి చేత సంతకం పెట్టించాను. పాతికేళ్ళుగా అప్పు దరఖాస్తుల్లో తప్పుడు వివరాలు పట్టుకుని, "ఇలా రాస్తే నేరం తెలుసా?" అని రైతుల మీద కేకలు వేసిన చేయి అది.

నాలుగో రాత్రి ఫోను వచ్చింది. వచ్చి తీసుకుపొమ్మన్నారు. మూడు రాత్రులుగా వాడు కన్ను మూయలేదట, తిండి మానేశాడట, ఆ సాయంత్రం గోడకు తల ఆనించి ఒకటే ఏడుపట. నేనూ మా ఆవిడా కారులో పోయి తెల్లవారుజామున తీసుకొచ్చాము. వెనుక సీట్లో అక్క ఒడిలో తల పెట్టుకుని వాడొక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. ఇంట్లో ఎవరైనా అలాంటి మాట అంటే ఏ గంటైనా సరే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే వైద్యుడి దగ్గరికి చేర్చాలి. అంతమట్టుకు రాస్తాను.

మా ఆవిడ నాతో పోట్లాడే రకం కాదు. ఆ పొద్దు మాత్రం కారు దిగకుండానే, "నా తమ్ముడికి జబ్బు చేసిండాది. మీరు జబ్బుకి బుద్ధి చెప్తుండారు. ఇంగ చాలు. నేరుగా బెంగళూరికి పోనీండి" అంది.

ఆ రోడ్డు పేరే హోసూరు రోడ్డు. అత్తిబెలె దాటి, ఎలక్ట్రానిక్ సిటీ దాటి, నలభై కిలోమీటర్ల లోపే నిమ్హాన్స్. పాత మైసూరు సంస్థానం నాటి మానసిక చికిత్సాలయం, 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, రెండూ కలిసి 1974లో ఈ సంస్థ అయింది. దేశం నలుమూలల నుంచి జనం రైళ్ళెక్కి అక్కడికి వస్తారు. మా ఊరి పేరున్న రోడ్డు మీదే అది ఉంది. నేను మాత్రం రెండు నెలలు వాడిని కళ్ళు మూసుకోమంటూ కూర్చున్నాను.

అక్కడ జరిగిన ఒక సంగతి మన పాఠకులకు తప్పక చెప్పాలి. చీటీ రాసే దగ్గర కన్నడం, మొదట చూసిన డాక్టరుతో తమిళం, కొంత ఇంగ్లీషు. హోసూరు మనిషికి నాలుగు భాషలూ వస్తాయి. వాడు నాలుగింటిలోనూ ఒక్కటే చెప్పాడు, నిద్ర రాదు అని. తర్వాత వచ్చిన చిన్న డాక్టరమ్మ అనంతపురం పిల్ల. వాడి పేరు చూసిందో, మేమిద్దరం మాట్లాడుకునేది విన్నదో, తెలుగులో, "అన్నా, నిద్ర సంగతి మల్లా చూద్దాం. లోపల ఎట్లుంది చెప్పండి" అంది. వాడు ఆమె వైపు చాలాసేపు చూశాడు. "సంకటంగా ఉండాది మేడమ్. ఎవరో ఎదమీద రాయి పెట్టి మరిచిపోయినట్లు" అన్నాడు. అక్కడి నుంచి గంటసేపు చెప్పాడు. బడిలో తమిళం, పనిలో ఇంగ్లీషు, సంతలో కన్నడం మాట్లాడే మనవాళ్ళం దుఃఖాన్ని మాత్రం ఇంటి భాషలోనే చెప్పుకోగలమని నాకు ఆ రోజు తెలిసింది. ఆ పిల్ల దొరకడం మా అదృష్టం. దొరకనివాళ్ళ మాట ఏమిటి? 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలి మానస్ అని ఫోను సేవ మొదలుపెట్టింది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మా రోజుల్లో అది లేదు. ఉన్నా నేను చేసి ఉండేవాణ్ణి కాదేమో, అది వేరే సంగతి.

అది తీవ్రమైన డిప్రెషన్ అన్నారు. మాత్రలు మొదలుపెట్టారు. ధ్యానం సంగతి నేనే ఒప్పుకున్నాను, దరఖాస్తు సంగతితో సహా. పెద్ద డాక్టరు మందలించలేదు. "చన్నీళ్ళ స్నానం మంచిదే. నూట మూడు జ్వరంలో చేయిస్తామా?" అన్నాడు. కుంగిన మనసు ఒకే చేదు ఆలోచనను పదేపదే నెమరు వేస్తుందట. అలాంటివాణ్ణి మాటల్లేని చోట, పని లేకుండా, రోజంతా కళ్ళు మూయించి కూర్చోబెడితే ఆ ఆలోచనతో ఒంటరిగా వదిలినట్లేనట. తిరిగి తేవడం కసరత్తు అన్నాను కదా, ఆ తిరిగి తేవడానికి కావలసిన సత్తువనే ఈ జబ్బు ముందుగా తినేస్తుంది.

ఇంటికి వచ్చాక మా మామగారు ఒక్క మాటా అనలేదు. తాను రోజూ పారాయణ చేసే భగవద్గీత తెచ్చి, ఆరో అధ్యాయం దగ్గర చీటీ పెట్టి నా ముందు ఉంచాడు. ధ్యానం గురించి చెప్పే అధ్యాయమే. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్రే పోనివాడికీ ఈ యోగం కుదరదని అక్కడ ఉంది. నా ఉపన్యాసంలో ఆ అధ్యాయం పేరు మూడుసార్లు చెప్పాను.

తర్వాత నేను లెక్కల మనిషిగా ఈ విషయం మీద అంకెలు వెదికాను. మొదట దొరికింది నిమ్హాన్స్‌దే. తీవ్రంగా కుంగి ఆసుపత్రిలో చేరిన 45 మందిని పదిహేనేసి మంది చొప్పున మూడు జట్లు చేసి, ఒక జట్టుకు కరెంటు చికిత్స, ఒక జట్టుకు మాత్రలు, ఒక జట్టుకు సుదర్శన క్రియ అనే శ్వాస సాధన నాలుగు వారాలు ఇచ్చి చూశారు. 2000లో ఫలితాలు ప్రచురించారు. కోలుకున్నవాళ్ళు వరుసగా 93, 73, 67 శాతం. శాతాలు తీసేసి మనుషుల్లో చెప్పుకుంటే 14, 11, 10. శ్వాస సాధన మాత్రలకు ఒక్క మనిషి దూరంలో ఉంది! మాత్రలకు బదులు కావచ్చునేమో అని పరిశోధకులే అన్నారు. ఇది 2018లో నా చేతికి దొరికి ఉంటే ఇంకా పెద్ద బోర్డు కట్టేవాణ్ణి. ఇప్పుడు చదివితే మిగతావి కనిపిస్తున్నాయి. జట్టుకు పదిహేను మందే. అందరూ వైద్యుల కళ్ళ ముందు ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ళు. తగ్గకపోతే మరో చికిత్స చేయడానికి పక్క గదిలో మనుషులున్నారు. పైగా అది గురువు దగ్గర చేసే లయబద్ధమైన శ్వాస, మా ఇంట్లో నేను చేయించిన మౌనం కాదు.

2014లో అమెరికాలో 47 పరీక్షలను, అందులోని మూడున్నర వేల మందిని కలిపి లెక్క తీశారు. ధ్యానం ఆందోళనను, కుంగుబాటును, నొప్పిని కొంత తగ్గిస్తుందని తేలింది. మందులకన్నా, వ్యాయామం కన్నా మెరుగని తేలలేదు. ఇది నాకు అవమానంగా అనిపించి, తర్వాత ఊరటగా అనిపించింది. రోజూ నడిచేవాడికి నాతో సమానంగా మేలు జరుగుతోందన్నమాట. 2020లో ఇంకొందరు 83 అధ్యయనాలు చూసి, ధ్యానం చేసినవాళ్ళలో దాదాపు 8 శాతం మందికి ఇబ్బందులు కలిగాయని, అందులో ఆందోళన, కుంగుబాటే ఎక్కువని చెప్పారు. వందకు ఎనిమిది. అప్పులిచ్చేవాడికి ఎనిమిది శాతం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. 2015-16లో నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో చేశారు, అందులో తమిళనాడు కూడా ఉంది. పెద్దవాళ్ళలో వందకు పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వాళ్ళలో చికిత్స అందనివాళ్ళు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం. వాళ్ళంతా ఊరికే కూర్చుని ఉండరు. ఏదో ఒక గుడికో, తాయెత్తుకో, నాలాంటి బావ దగ్గరికో పోయి ఉంటారు.

మా వాడికి ఆరు వారాలకు ఆకలి వేసింది. ఆకలి వేస్తోందని వాడు ఫోను చేసి చెబితే మా ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అత్తిబెలె దగ్గర దారి మూసినప్పుడు పెద్ద భయం పట్టుకుంది. ఈ మాత్రలు ఉన్నట్టుండి మానకూడదు. చీటీ ఫోటో తీసి పంపి, ఫోనులోనే డాక్టరును అడిగి, హోసూరులోనే మందులు సంపాదించాము. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి దేశంలో ఉంది. జిల్లా ఆసుపత్రుల్లో మానసిక వైద్యులున్నారు, మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఇదంతా నాకు అప్పుడే తెలిసింది. నా శాఖకు పెన్షన్ కోసం వచ్చే ఆసుపత్రి ఉద్యోగులను ఏళ్ళ తరబడి చూస్తూ కూడా ఎన్నడూ అడగలేదు.

బాగైన ఏడాదిన్నరకు వాడే డాక్టరును అడిగాడు, మళ్ళీ కూర్చోవచ్చునా అని. ఇప్పుడు కూర్చోవచ్చు, పది నిమిషాలు, కళ్ళు తెరుచుకుని కూడా పరవాలేదు, మాత్ర మాత్రం మానవద్దు అన్నాడాయన. తరచుగా కుంగుబాటు తిరగబెట్టేవాళ్ళకు, కోలుకున్న తర్వాత, ధ్యానంతో కూడిన శిక్షణ మంచి కాపుదల అని ఇంగ్లండులో 424 మంది మీద జరిగిన పరీక్ష 2015లో చెప్పింది. రెండేళ్ళలో జబ్బు తిరగబెట్టింది ఆ శిక్షణ పొందినవాళ్ళలో 44 శాతం మందికి, మాత్రలు కొనసాగించినవాళ్ళలో 47 శాతం మందికి. ఇంచుమించు సమానం. నేను ఈ అంకెలు చెబితే వాడు విని, "పది నిమిషాలు చాలు బావా. నాకు నడకే బాగుంటాది" అన్నాడు.

దరఖాస్తు సంగతి వాడితో ఒకసారి ఎత్తాను. "నేనే కదా సంతకం పెట్టిండేది" అన్నాడు. అంతకుమించి మాట్లాడనివ్వలేదు.

నేను ఇప్పటికీ రోజూ కూర్చుంటాను. వయసు లెక్కన 55 నిమిషాలు కావాలి, నేను పాతిక దగ్గరే ఆగిపోయాను. ఎవరైనా ధ్యానం గురించి అడిగితే ముందు రెండు ప్రశ్నలు వేస్తున్నాను. నిద్ర పడుతోందా, అన్నం తింటున్నారా అని. లేదంటే ఆ సంభాషణ డాక్టరు చిరునామాతో ముగుస్తుంది. కొందరికి కోపం వస్తుంది. మేము ధ్యానం అడిగితే ఈయన మమ్మల్ని పిచ్చివాళ్ళంటున్నాడని ఒకాయన సంఘం కార్యదర్శికి ఫిర్యాదు కూడా చేశాడు.

ఆదివారాలు వాడూ నేనూ చంద్రచూడేశ్వరస్వామి కొండకు పోతాము. దర్శనమయ్యాక నేను ఒక మూల నీడ చూసుకుని కళ్ళు మూసుకుంటాను. వాడు చెప్పులు, ఫోను నా దగ్గర పెట్టి చుట్టూ తిరుగుతాడు. మొన్న కళ్ళు తెరిచేసరికి వాడు కనబడలేదు. గుండె ఝల్లుమంది. లేచి నాలుగు వైపులా వెదికితే, మెట్ల దగ్గర పూలమ్మే ఆమెతో రోజాల ధర బేరమాడుతున్నాడు. నన్ను చూసి, "అయిపోయిందా బావా? ఇంగొక ఐదు నిమిషాలు కూర్చోపో, ఈమె ఇంగా దిగలేదు" అన్నాడు.